అల్లుడుగారి ఎడారి

ఎడారిలో ఉన్న మనిషికి స్వెట్టర్ ఎందుకండీ? నా అనుమానం అక్కడే మొదలైంది.

మా అల్లుడు కృష్ణచైతన్యగారు సింగపూరులో, ఫ్యాక్టరీలన్నీ ఉండే జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. వాళ్ళ కంపెనీ ఒమాన్ ఎడారిలో ఏదో గ్యాస్ ప్లాంట్ కడుతోందని, నాలుగు నెలల పని అని చెప్పి ఆయన్ని అక్కడికి పంపించింది. ఆ నాలుగు నెలలు ఎప్పుడో అయిపోయాయి. ఇంకో మూడు నెలలన్నారు, అవీ అయిపోయాయి. అక్కడ ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుందని మా అమ్మాయి అరుంధతి కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతుంది. తీరా ఫోన్‌లో చూద్దును కదా, ఆ మహానుభావుడు నీలం స్వెట్టర్ తొడుక్కుని, మెడకి తువ్వాలు చుట్టుకుని, జలుబుతో ముక్కు చీదుకుంటున్నారు.

అనుమానం ఉంది కదా అని నేను మర్యాద తప్పే మనిషిని కాను. అల్లుడు అల్లుడే. మాది తణుకు. మా అమ్మ మావారి ఎదుట ఏనాడూ కూర్చుని ఎరగదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి, "అల్లుడుగారికి కాఫీ కావాలేమో అడగవే మంగతాయారూ" అని నాతో అడిగించేది. నేనూ అంతే. అల్లుడి ఎదుట కుర్చీ ఎక్కడం మా ఇంటా వంటా లేదు. మనవరాలు కీర్తిక ఒకటో తరగతిలో చేరినప్పుడు, పిల్లని చూసుకునే మనిషి దొరక్క అరుంధతి నన్ను ఈ హౌగాంగ్ ఫ్లాట్‌కి తీసుకొచ్చింది. రెండు గదులు, హాలు, వంటిల్లు. ఇంత చిన్న కొంపలో కూడా నేను పద్ధతి వదల్లేదు. ఆయన హాల్లోకి వస్తే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నేను వచ్చిన కొద్ది నెలలకే ఆయన ఎడారికి వెళ్ళారు.

రోజూ సాయంత్రం ఏడింటికి, అరుంధతి బ్యాంకు నుంచి వచ్చి స్నానం చేసి, భోజనాల బల్ల మీద నీళ్ళ సీసాకి ఫోన్ ఆనించి ఆయనతో మాట్లాడుతుంది. నేను వంటింటి గుమ్మం పక్కన నిలబడి కూరలు తరుగుతుంటాను. అక్కడి నుంచి నాకు ఫోన్ కనిపిస్తుంది, ఆయనకి నేను కనిపించను. తొంగిచూడటం అనకండి. తల్లినన్నాక ఆ మాత్రం చూసుకోవాలి.

మన ఏడంటే అక్కడ మధ్యాహ్నం మూడట. పనిరోజున మధ్యాహ్నం మూడింటికి ఏ ఇంజనీరు మంచం మీద ఉంటాడు? ఈయన ఉంటారు. లుంగీ, బనీను మీద ఆ స్వెట్టర్, కాలు మీద కాలు, పొట్ట మీద వేయించిన శనగల గిన్నె. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి లుంగీలో నాకు కనబడలేదు. రాత్రి పడుకోబోయే ముందు కూడా ప్యాంటూ, కాలరున్న చొక్కా. అక్కడ ఎవరున్నారని ఆ లుంగీ? ఆ నవ్వు ఎవరు నేర్పారు? పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఇక్కడ ఆ పళ్ళు నేను చూడనేలేదు.

ఒకరోజు స్నానం సంగతి వచ్చింది. "వేడినీళ్ళ పంపు తిప్పితే చల్లనీళ్ళొస్తాయి, చల్లనీళ్ళ పంపు తిప్పితే ఒళ్ళు కాలిపోతుంది. నేను వేడి పంపు కింద హాయిగా పోసుకుంటా" అన్నారు. మా పిచ్చిపిల్ల పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పేవాడు కాస్త నమ్మేలా చెప్పాలి కదా! ఇలా చెవిలో పువ్వులు పెడుతుంటే ఈ పిల్ల తల ఊపుతుందేవిటి?

ఇక్కడున్నప్పుడే నేను గ్రహించి ఉండాల్సింది. ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు కిందకి వెళ్ళిపోయి, బిల్డింగు అడుగున ఖాళీగా వదిలేసే ఆ వాయిడ్ డెక్‌లో రాతి స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండేవారు. కరివేపాకు కోసమని నేను కిందికి దిగితే గబుక్కున లేచి నిలబడి, ఫోన్ జేబులో పెట్టేసుకునేవారు. తప్పు చెయ్యని మనిషి అలా ఉలిక్కిపడతాడా?

అరుంధతితో అన్నాను. "నీకేం అనిపించట్లేదటే?" అని. "అమ్మా, ప్లీజ్, మళ్ళీ స్టార్ట్ చెయ్యకు" అంది. కంపెనీవాళ్ళు వదలడం లేదని, మనుషులు తక్కువగా ఉన్నారని, వచ్చేస్తారని అంది. ఆ మాటలంటున్నప్పుడు నా మొహం చూడలేదు. ల్యాప్‌టాప్ చూసింది. పాపం పిల్ల, తనకి తాను సర్దిచెప్పుకుంటోందనుకున్నాను. కీర్తికేమో వాళ్ళ నాన్న కుర్చీలో తన బొమ్మ ఎలుగుబంటిని కూర్చోబెట్టి, "దిస్ ఈజ్ డాడీ సీట్, అమ్మమ్మా, కెనాట్ సిట్ లా" అంటుంది. ఆ పిల్ల తండ్రి లేకుండా పెరగాలా? నేను బతికుండగా అది జరగనివ్వను.

ఇలా ఉండగా వడియాలు వచ్చాయి.

అల్లుడుగారితో కలిసి పనిచేసే జనార్ధనరావుగారని ఒకాయన ఎడారి నుంచి తిరిగొచ్చేస్తూ, చైతన్యగారు పంపించారని ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి అరుంధతి చేతికిచ్చారు. మూత తీస్తే మినప వడియాలు. కొన్నవి కావు, కొన్నవి నాకు తెలియవా? జీలకర్ర, అల్లం, పచ్చిమిరపకాయ ముక్కలు, అన్నీ ఒక్కలాంటి పరిమాణంలో, అడుగున గుడ్డ నేత అచ్చుతో సహా. నాలుగు వేయించాను. గుల్లగా, కరకరలాడుతూ పొంగాయి. పిండిలో ఇంగువ ఎంత పడాలో అంతే పడింది.

నేను స్టవ్ ఆర్పేసి అక్కడే నిలబడిపోయాను. ఏ మగాడు వడియాలు పెడతాడండీ? పప్పు నానబెట్టి, రుబ్బి, గుడ్డ పరిచి, రోజంతా కాకుల్ని తోలుకుంటూ? ఈ సింగపూరులో నేనే పెట్టలేకపోయాను. వచ్చిన కొత్తలో కారిడార్‌లో గుడ్డ పరిచి పెడితే, పక్కింటి చైనా ఆంటీ వచ్చి చేతులు అడ్డంగా ఊపి, "రెయిన్, రెయిన్, కెనాట్ డ్రై" అంది. అన్నంతా అయింది. సాయంత్రానికి వాన, మర్నాటికి బూజు. పిండంతా చెత్తబుట్ట పాలు చేసి రెండ్రోజులు సణుక్కున్నాను. అటువంటిది, టీ కూడా పెట్టుకోవడం రాని మనిషి, ఎడారిలో వడియాలు పెట్టాడా? దీని వెనక ఓ ఆడమనిషి ఉంది. మన మనిషే, చెయ్యి తిరిగిన మనిషే. నాకు ఇక సందేహం లేదు.

పరాయివాళ్ళ డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఆ వంకతో కొబ్బరుండలు చేసి డబ్బాలో సర్ది, కీర్తికని స్కూల్లో దింపి, బస్సెక్కి సెరంగూన్ వెళ్ళాను. కాండోమినియంలో జనార్ధనరావుగారి ఫ్లాటు కనుక్కోవడానికి వాచ్‌మన్‌తో నాకొచ్చిన తమిళమూ, అతనికొచ్చిన తెలుగూ సరిపోయాయి. జనార్ధనరావుగారు యాభై దాటిన మనిషి, ఎండకి మాడి బొగ్గులా ఉన్నారు. ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఇంట్లో ఏసీ ఎంత పెట్టారంటే నా పళ్ళు టకటకలాడాయి. తగ్గిస్తానన్నారు గానీ తగ్గించలేదు. ఎడారి నుంచి వచ్చాక ఈ ఊరి ఉక్క భరించలేకపోతున్నానన్నారు.

నేను నెమ్మదిగా కూపీ లాగడం మొదలెట్టాను. స్వెట్టర్ గురించి అడిగితే ఆయన నవ్వారు. అక్కడ ఉండేది ఇనుప పెట్టెల్లాంటి గదుల్లోనట. ఏసీ ఒక్క గంట తగ్గిస్తే గది పొయ్యి అయిపోతుందట, అందుకని ఎప్పుడూ పూర్తిగా తిప్పి ఉంచుతారు, లోపల ఉన్నవాళ్ళు చలికి స్వెట్టర్లేసుకుంటారు. బయటికి వెళ్తే కొలిమి, లోపలికి వస్తే ఐసుపెట్టె, అందరికీ జలుబే అన్నారు. పంపు సంగతీ అడిగాను. ట్యాంకు పైకప్పు మీద ఎండలో మరుగుతుంటుంది, గీజరేమో గదిలో నీడన ఉంటుంది, దాన్ని ఆపేస్తే అందులో నిలిచిన నీళ్ళే చల్లబడతాయి, అక్కడ అందరం అలాగే చేస్తామన్నారు. మధ్యాహ్నం మంచం సంగతి కూడా తేలిపోయింది. వేసవిలో తెల్లవారకముందే పనిలోకి దిగి, ఎండ ముదిరే వేళకి ఆపేస్తారట. బూట్లు వేసుకునే ముందు తేళ్ళున్నాయేమోనని దులుపుకోవడం దగ్గర్నుంచి, ఉప్పు కలిపిన నీళ్ళు తాగడం దాకా అన్నీ చెప్పుకొచ్చారు. నేను అన్నిటికీ తల ఊపాను. ఎంత బాగా కలిసి వల్లించుకున్నారో అనుకున్నాను.

"మరి వడియాలు ఎవరు పెట్టారండీ?" అన్నాను, కొబ్బరుండ అందిస్తూ.

"చైతన్యేనండి. యూట్యూబ్ చూసి, అరుంధతిగారిని అడిగి అడిగి పెట్టాడు. మీకు ఇక్కడ ఎండలేక పాడైపోయాయని బాధపడ్డారటగా. అక్కడ ఎండకేం కరువండీ, పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి రాళ్ళు."

ఆ మాటకి నేను ఒక్క క్షణం తడబడ్డాను. నిజమే, నేను సణిగింది వంటింట్లోనే గానీ, ఆయనకి గోడ అవతలకి వినిపించే ఉంటుంది. కానీ వెంటనే తేరుకున్నాను. అత్తగారి నోట్లో వడియం కుక్కి నోరు మూయించాలని ఎత్తు కావచ్చు కదా.

అప్పుడు జనార్ధనరావుగారు, తానేం చెబుతున్నారో తెలియకుండానే అసలు మాట చెప్పేశారు. "మీ అల్లుడు దేవుడండీ. మొన్న కంపెనీ సింగపూరు తిరిగి వచ్చెయ్యమని పిలిచింది నన్ను కాదు, ఆయన్ని. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదని తెలిసి, మీరెళ్ళండి సార్, నాకిక్కడ అలవాటైపోయింది అని తన వంతు నాకిచ్చేశాడు."

కంపెనీ వదలడం లేదని కదా ఇంట్లో చెబుతున్నది! పిలిస్తే తనే రానన్నారన్నమాట. ఎవరి పుణ్యం కోసమూ కాదు, అక్కడ ఉండాలని ఉండి ఉన్నారు. లేచి నమస్కారం పెట్టి ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. బస్సులో కూర్చుని, దిగాల్సిన స్టాపు దాటిపోయి, మళ్ళీ వెనక్కి నడిచాను.

ఆ సాయంత్రం కూరలు తరగలేదు. గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడింటికి ఫోన్ మోగింది. అదే మంచం, అదే లుంగీ, అదే స్వెట్టర్. కీర్తిక స్కూల్లో ఏదో పాట నేర్చుకున్నానంటే పాడించుకుని, కాళ్ళు ఊపుకుంటూ తాళం వేశారు. తర్వాత పిల్ల ఆడుకోవడానికి గదిలోకి పోయింది. అరుంధతి బల్ల మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, "ఇంకో మూడు నెలలా చైతూ?" అంది. అరుంధతి కళ్ళు తుడుచుకుంది.

అది చూసి నేనింక ఆగలేకపోయాను. గుమ్మం దాటి, హాల్లోకి వెళ్ళి, సరాసరి ఫోన్ ముందు నిలబడ్డాను.

"అల్లుడుగారూ, ఎవరండీ ఆవిడ?"

ఫోన్‌లో ఒక్కసారి భూకంపం వచ్చినట్టయింది. శనగల గిన్నె కింద పడ్డ చప్పుడు, తర్వాత ఇనుప పైకప్పు, తర్వాత ఒక చెయ్యి, ఒక చొక్కా కొస. మళ్ళీ ఫోన్ నిలబడేసరికి, అల్లుడుగారు మంచం దిగి, తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, జుట్టు చేత్తో అణచుకుంటూ, రెండు చేతులూ పక్కలకి పెట్టుకుని నిలువుగా నిలబడి ఉన్నారు. ఆ నవ్వంతా ఎటు పోయిందో. హౌగాంగ్‌లో నేను రోజూ చూసిన మనిషి మళ్ళీ నా ఎదుట ఉన్నాడు. సముద్రం అవతల, గది తలుపేసుకుని ఉన్న మనిషి, నా గొంతు వినగానే లేచి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, బాగున్నారా అండి?" అన్నారు.

అరుంధతి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఏంటిది, లోపలికి పద" అంది. నేను వినలేదు. కంపెనీ పిలిస్తే ఎందుకు రాలేదని, తన వంతు ఇంకొకరికి ఎందుకిచ్చేశారని, ఇంట్లో ఎందుకు అబద్ధం చెబుతున్నారని అడిగేశాను. ఇన్నేళ్ళలో నేను ఆయనతో నేరుగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆయన అరుంధతి వైపు చూశారు. అరుంధతి బల్ల వైపు చూసింది. వాళ్ళిద్దరి చూపుల మధ్య ఏదో ఉంది. అది ఈ పిల్లకి తెలుసు. మోసపోయిన మొహం కాదది.

"ఆవిడెవరూ లేరండి," అన్నారు చివరికి, చాలా మెల్లగా. "ఇక్కడ... పని అయ్యాక కాస్త నడుం వాల్చడానికి ఉంటుందండి. అంతే."

ఇదేం సమాధానం? ఇంట్లో మంచం లేదా, సోఫా లేదా అనబోయాను. నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది. సోఫా ఉంది. ఆయన దాని మీద కూర్చోగా నేనెప్పుడు చూశాను? తాళం చప్పుడవగానే నేను టీవీ ఆపి వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. నేను అలా లేచి పోవడం చూసి ఆయన గదిలోకి తప్పుకునేవారు. గదిలో పిల్ల చదువుకుంటూ ఉంటే కిందకి దిగి ఆ రాతి స్టూలు మీద కూర్చునేవారు. ఆయన తిని లేస్తే గానీ నేను తినను, నేను తినాలని ఆయన నాలుగు ముద్దలు ఆదరాబాదరాగా మింగి లేచేవారు. చాలు చాలు అనేవారు. మా వంట నచ్చలేదేమోనని నేను నొచ్చుకునేదాన్ని.

"అరుంధతీ," అన్నాను. "నిజం చెప్పు."

అరుంధతి ఏడుపు ఆపుకోలేదు. "ఏం చెప్పనమ్మా? నువ్వుంటే ఆయనకి ఈ ఇంట్లో కూర్చోవడానికి చోటు లేదు. పొద్దున్నుంచీ ప్లాంట్‌లో నిలబడి, ఇంటికొచ్చీ నిలబడే ఉండేవాడు. నీతో చెబుతానంటే, అత్తయ్యగారు ఏమనుకుంటారో వద్దంటాడు. నువ్వు లేకపోతే కీర్తికని ఎవరు చూస్తారు? నిన్ను వెళ్ళమనలేను, ఆయన్ని రమ్మనలేను. నేనేం చెయ్యను?"

అయ్యో రామా! ఇన్నాళ్ళూ స్వెట్టర్లలో, పంపుల్లో, వడియాల్లో నేను వెతుకుతున్న ఆ ఆడమనిషి నేనేనన్నమాట. ముందు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంత మర్యాద చేస్తే, ఇంత ఒదిగి ఉంటే, నా వల్లే అల్లుడు ఎడారి పాలయ్యాడని అంటారా? రాత్రికి రాత్రే పెట్టె సర్దుకుని తణుకు పోతాననుకున్నాను. పోతే? పిల్లని ఎవరు స్కూల్లో దింపుతారు? రెండు నిమిషాలు పోయాక, కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. ఆయన అలాగే నిలబడి ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. చలిగదిలో చెమట పట్టింది.

"కూర్చోండి అల్లుడుగారూ," అన్నాను.

"ఫర్వాలేదండి."

"కూర్చోండి."

"ఫర్వాలేదండి అత్తయ్యగారూ."

నేను నిలబడి ఉండగా ఆ మనిషి కూర్చోరు. ఎడారి నడిమధ్యన ఉన్నా కూర్చోరు. మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చూస్తే బుగ్గలు నొక్కుకునేది. నేను ఫోన్ తీసుకుని అరుంధతి చేతికిచ్చి, నేను కనబడేలా పట్టుకోమన్నాను. సోఫా దగ్గరకి వెళ్ళాను. కొంగు సర్దుకున్నాను. అల్లుడి ఎదుట, కళ్ళెదుట, సోఫా మీద కూర్చున్నాను. అంచున కాదు, వెనక్కి ఆనుకుని.

ఆయన దిక్కు తోచనట్టు చూశారు. "కూర్చో చైతూ," అంది అరుంధతి. బస్సులో ఎవరో సీటిస్తే మొహమాటపడ్డట్టు, మంచం చివర అంగుళం మేర కూర్చున్నారు.

"ఎప్పుడొస్తారు?" అన్నాను.

ఆయన బొత్తాం తడుముకున్నారు. "మీరు... అప్పటికి ఇక్కడే ఉంటారా అండి?"

ఆ ప్రశ్న నన్ను కోసేసింది. అయినా అడిగారు, నా మొహం మీదే అడిగారు. ఇంతకాలం గోడ అవతల దాచుకున్న మాట.

"ఉంటాను. మీ అమ్మాయికి స్కూలుంది, మా అమ్మాయికి ఆఫీసుంది, నేనెక్కడికీ పోను. మీరు రండి. వచ్చి ఈ హాల్లో లుంగీ కట్టుకుని పడుకోండి. నేను ఇక్కడే కూర్చుని టీవీ చూస్తాను. ఎవరికి కష్టంగా ఉంటే వాళ్ళు కష్టపడదాం. లేచి మాత్రం పోవద్దు, మీరూ, నేనూ."

ఆయన తల వంచుకుని, "అలాగేనండి" అన్నారు. మెడ దగ్గరి బొత్తాం ఒకటి తీసుకున్నారు. ఇంకోటి తీయబోయి ఆగిపోయారు.

నేను సోఫాలోంచి లేవలేదు. ఆయన ఫోన్ పెట్టేసేదాకా అలాగే వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.